మెడికల్ కాలేజీ వచ్చింది, సరే. గల్లీలో జ్వరాలు ఎందుకు తగ్గడం లేదు?

మూసీ ఒడ్డు | ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక మున్సిపల్ పట్టణంలో ఉంటాను. అడగబోయేది ఏ ఒక్క ఆఫీసు మీదా ఫిర్యాదు కాదు కనుక ఊరి పేరు రాయడం లేదు. మా చిన్నతనంలో ఛాతీలో నొప్పి అన్న మనిషిని జీపు వెనక సీట్లో పడుకోబెట్టి, దేవుడి మీద భారం వేసి, హైదరాబాదు దారి పట్టేవాళ్లు. ఆ రోజులు పోయాయి. 2019లో నల్గొండకూ సూర్యాపేటకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, అదే సంవత్సరం బీబీనగర్ ఎయిమ్స్‌లో మొదటి ఎంబీబీఎస్ బ్యాచ్ చేరింది. ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఈ వానకాలం మా గల్లీలో పద్నాలుగు ఇళ్లుంటే తొమ్మిదింటిలో ఎవరో ఒకరు మంచం పట్టారు. కొందరికి జ్వరం, కొందరికి విరేచనాలు. మా రెండో అమ్మాయికి టైఫాయిడ్ అన్నారు, పదకొండు రోజులు బడి పోయింది. పక్కింటి పెద్దాయనకు డెంగీ అనుమానమని రోజు విడిచి రోజు రక్తపరీక్షలు చేయించారు. దవాఖానలు దగ్గరైనకొద్దీ దవాఖానకు పోవలసిన అవసరం తగ్గాలి కదా అన్నది నా అమాయకపు ప్రశ్న. ఒక పట్టణం బాగుండడానికి ప్రజారోగ్య సేవలు చేయవలసిన పని ఏమిటి, అది ఎక్కడ ఆగిపోతున్నది? తెలిసినవారు చెప్పగలరు.

పాలమూరు పంతులు | ఆదివారం రాత్రి

మీ ప్రశ్న సబబే గాని, దవాఖానల విలువ అవి లేనిచోట ఉన్నవారికి తెలుస్తుంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. ఆ మూడింటినే ఎందుకు ఎంచుకున్నారో వాటి పేర్లు చూస్తేనే అర్థమవుతుంది. తెలంగాణ ఏర్పడ్డాక మొదట వచ్చిన కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా 2016లో మాకే వచ్చింది.

మా మామగారికి ఒక రాత్రి భోజనం చేస్తుండగానే మూతి వంకరపోయి, చేతిలోని ముద్ద జారిపోయింది. పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉన్నదని, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు పడితేనే దానివల్ల ప్రయోజనమని ఆ రాత్రే నాకు తెలిసింది. హైదరాబాదు మాకు సుమారు నూరు కిలోమీటర్లు. ఊళ్లోనే స్కానింగు జరగబట్టి ఆయన ఇవాళ తన చెప్పులు తానే వేసుకుంటున్నారు. నివారణ గురించి ఎంతైనా మాట్లాడుకుందాం, కాని పడకలు, డాక్టర్లు, 108 బండి, వీటి తర్వాతే.

సిస్టరమ్మ | సోమవారం ఉదయం

నేను ఏఎన్‌ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా, ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. పంతులు గారితో నాకు తగాదా లేదు, ఆయన చెప్పిన రాత్రులు నేనూ చూశాను. అయితే మూసీ ఒడ్డు గారు అడిగినది వేరు. ఒకే గల్లీలో తొమ్మిది ఇళ్లకు జబ్బు వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ విడివిడిగా నయం చేయడం డాక్టరు పని. తొమ్మిది ఇళ్లకూ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో వెతకడం ప్రజారోగ్యం పని. మొదటి పనికి వరుస కట్టి జనం వస్తారు, రెండో పనికి మేము ఇంటింటికీ పోతే తలుపు తీయడానికే విసుక్కుంటారు.

ముందుగా ఒక మాట. మీరు జ్వరాలన్నింటినీ ఒకే మూటగా కట్టారు. టైఫాయిడ్, విరేచనాలు నోటి ద్వారా, అంటే నీళ్లతోనో తిండితోనో వస్తాయి. డెంగీ దోమతో వస్తుంది, ఆ దోమ పగటిపూట కుడుతుంది, మోరీలోని మురుగులో కాకుండా మన ఇంట్లోని మంచినీళ్లలో పుడుతుంది. ఒకటి నల్లా వైపు చూడమంటుంది, మరొకటి గోలెం వైపు.

గోలెం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగంలో సగం కాలం గోలేలలోకి టార్చిలైటు వేసి చూడడంతోనే గడిచింది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో ప్రతి ఇంటి స్నానాలగది పక్కన సిమెంటు గోలెమో, ప్లాస్టిక్ డ్రమ్మో ఉంటుంది. మీ నీడ నీటి మీద పడగానే పైన తేలుతున్న సన్నటి పురుగులు గిలగిల కొట్టుకుంటూ అడుగుకు పోతే అవి దోమపిల్లలే. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు. చాలామంది నీళ్లు పారబోసి మళ్లీ నింపుకుంటారు, పని అయిపోయిందనుకుంటారు. గుడ్లు నీటిలో కాదు, నీటి గీతకు కొంచెం పైన గోడకు అంటుకుని నల్లటి ఆవగింజ పొడిలాగా ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని వారానికి ఒకసారి కొబ్బరిపీచుతో అంచులు గట్టిగా రుద్ది కడగాలి, మూత పెట్టాలి. సాయంత్రం పొగ బండి వచ్చి వెళ్తే జనానికి తృప్తిగా ఉంటుంది. ఆ పొగ ఎగిరే దోమను చంపుతుంది గాని గోలెంలోని దానిని ముట్టుకోదు.

ఇక టైఫాయిడ్ సంగతి. మూసీ ఒడ్డు గారూ, ఈ మూడింటికి జవాబు చెప్పండి. మీకు నల్లా ఏ వేళకు వస్తుంది? జబ్బుపడిన తొమ్మిది ఇళ్లూ ఒకే వరుసలో ఉన్నాయా, రెండు వైపులా ఉన్నాయా? అందులో ఎందరు నల్లా నీళ్లు తాగుతారు, ఎందరు క్యాన్ నీళ్లు కొంటారు?

మందుల కొట్టు | సోమవారం మధ్యాహ్నం

నాది చిన్న మందుల దుకాణం. సిస్టరమ్మ గారు అడిగిన ప్రశ్నలకు సగం జవాబు మా అల్మారాలలోనే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మామూలుగా వారమంతా పోయేవి ఒకే రోజున పోయాయంటే ఎక్కడో పైపు పగిలిందని నేను అనుకుంటాను, సాధారణంగా తప్పుపోదు. దవాఖాన రిజిస్టరులో ఆ కేసులు ఎక్కేసరికి ఇంకా నాలుగైదు రోజులు పడుతుంది, ఎందుకంటే జనం ముందు నా దగ్గరికి, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరికి, తగ్గకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి పోతారు. కొన్ని యాంటీబయాటిక్‌లు ఎవరికి ఏ చీటీ మీద అమ్మామో రాసిపెట్టాలని 2014 మార్చి నుంచి ప్రత్యేక రిజిస్టరు నియమం ఉన్నది. రోగనిఘా కోసం ఆ రిజిస్టరును తెరిచి చూపించమని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, డ్రగ్స్ తనిఖీవారు తప్ప.

ఇంకొకటి. టైఫాయిడ్ "అన్నారు" అని రాశారు. వైడాల్ పరీక్ష ఒక్కసారి చేసి పాజిటివ్ అని చెప్పేస్తుంటారు; దానిని అంతగా నమ్మడానికి లేదు. మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు చేసిన రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఆ క్రిమి దొరికితే ఖాయమే. జబ్బు పేరే సరిగా తెలియకపోతే పట్టణం లెక్క ఎలా సరిపోతుంది? పక్కింటి పెద్దాయనకు కూడా చెప్పండి, డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు. జ్వరం తగ్గిందని సంబరపడే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మర్రిగూడ మనవడు | సోమవారం సాయంత్రం

నల్గొండ జిల్లాలో పుట్టి నీళ్ల సంగతి మాట్లాడకుండా ఆరోగ్యం సంగతి మాట్లాడడం ఎలాగో నాకు తెలియదు. మా తాతకు వెన్ను వంగి, మెడ బిగుసుకుపోయి, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. మంచం మీద వెల్లకిలా పడుకున్నది నేను చూడలేదు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ; తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. దానికి రంగు లేదు, వాసన లేదు, మరిగిస్తే పోదు సరికదా నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి మా జిల్లా పేరే పెట్టారు. ఇథియోపియా, టాంజానియా దేశాలవాళ్లు కూడా "నల్గొండ టెక్నిక్" అంటారు. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. కాని రోజూ కొలత ప్రకారం పటిక వేసేవాడు ఉండాలి, అడుగున పేరిన మడ్డిని తీసి ఎక్కడో పారబోయాలి, నీటిని పరీక్షించాలి. ఆ రోజువారీ చాకిరీ చేసే మనిషి లేనిచోట ఆ తొట్లు పశువులకు నీడనిచ్చాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ బాధ దేశానికి కనబడాలని నల్గొండ స్థానంలో 480 మంది పోటీలో నిలబడ్డారు. తర్వాత పార్లమెంటు డిపాజిట్ సొమ్మును అయిదు వందల నుంచి పదివేలకు పెంచింది, నీళ్లకన్నా అదే ముందు వచ్చింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు, ఆ తర్వాత కృష్ణ నీళ్లు మా ఇంటిదాకా వచ్చాయి.

మా తాతను ఎన్నో దవాఖానలు తిప్పారు. నొప్పికి మాత్రలిచ్చారు, అంతకుమించి ఎవరి చేతిలోనూ లేదు, ఎందుకంటే ఎముకలో చేరినది తిరిగి రాదు. నా కొడుకు పళ్లు తెల్లగా ఉన్నాయి. పంతులు గారు నివారణను రెండో వరుసలో కూర్చోబెట్టినందుకే ఇదంతా రాశాను.

పైపుల లెక్క | సోమవారం రాత్రి

నీటి సరఫరాలో ఇంజనీరుగా పనిచేసినవాడిని. శుద్ధి కేంద్రం నుంచి నీరు మంచిగానే బయలుదేరుతుంది, పాడయ్యేది దారిలో. ఎట్లాగంటే, నల్లా రోజులో గంటో రెండు గంటలో వస్తుంది, మిగతా వేళంతా పైపు ఖాళీ. ఇళ్లకు పోయే కనెక్షన్ పైపులు చాలాచోట్ల మోరీని దాటుతూ, కొన్నిచోట్ల మోరీలోనే నానుతూ ఉంటాయి. పైపులో నీరు నిండి ఒత్తిడి ఉన్నంతసేపు చిల్లు నుంచి నీరు బయటికి పోతుంది, సరఫరా ఆగగానే అదే చిల్లు నుంచి మురుగు లోపలికి దిగుతుంది. మరుసటిసారి నల్లా విప్పిన మొదటి అయిదు నిమిషాలలో ఎవరి బిందెలో పడుతుందో వాళ్ల పని అంతే. దీనికి తోడు మనవాళ్లు నల్లాకే నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు నీళ్లనే కాదు, ఆ లైనులో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మురుగును కూడా లాగుతుంది. ఒక్కరు లాగితే కిందివాళ్లకు రాదు, అందుకని వాళ్లూ బిగిస్తారు.

దీనికి కాపలా క్లోరిన్. చివరి ఇంటి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. మురుగు కలిస్తే ముందుగా ఖర్చయిపోయేది అదే, కాబట్టి అది లేకపోవడమే మనకు సూచన. పరీక్ష ట్యాంకు దగ్గర చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. చివరి ఇంటి దగ్గర చేయాలి.

మూసీ ఒడ్డు | మంగళవారం రాత్రి

సిస్టరమ్మ గారూ, మీరు అడిగినట్టే ఇల్లిల్లూ తిరిగి కాగితం మీద గీసుకున్నాను. నల్లా తెల్లవారుజామున అయిదింటికి, రోజు విడిచి రోజు. విరేచనాలు, టైఫాయిడ్ అన్న ఆరు ఇళ్లూ గల్లీకి ఎడమ వరుసలో, చివరి వైపు ఉన్నాయి. డెంగీ అనుమానం ఉన్న మూడు ఇళ్లు అటూ ఇటూ చెదురుగా ఉన్నాయి. ఎడమ వరుసలోనే క్యాన్ నీళ్లు కొనే రెండు ఇళ్లలో పెద్దలు బాగానే ఉన్నారు. ఒకే మూటగా కట్టానని మీరన్నది నిజమే.

పైపుల లెక్క గారూ, మా ఇంట్లో కూడా నల్లాకే మోటారు ఉన్నది. నేనే బిగించాను. ఇంతవరకు అది నా తెలివి అనుకున్నాను.

వార్డు మాట | మంగళవారం రాత్రి

చర్చ మెల్లగా జనం మీదికి మళ్లుతున్నది కనుక అడ్డుపడుతున్నాను. గోలెం కడగలేదు, మోటారు బిగించారు అని ఇంటి ఇల్లాలిని, కిరాయిదారుని తప్పుపట్టడం సులువు. నీళ్లు రోజూ వస్తే గోలెం ఎవరు పెట్టుకుంటారు, ఒత్తిడి ఉంటే మోటారు ఎవరు కొంటారు?

2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం సుమారు యాభైవేల జనాభాకు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, పదివేల మందికి ఒక ఏఎన్‌ఎం ఉండాలి. ఏ జనాభా? లెక్కలన్నీ 2011 సెన్సస్ మీదనే నడుస్తున్నాయి. ఆ తర్వాత మన పట్టణాల చుట్టూ ఎన్ని వెంచర్లు లేచాయో, ఎన్ని ఖాళీ ప్లాట్లలో వాననీరు నిలుస్తున్నదో, ఎన్ని ఊళ్లు మున్సిపాలిటీలో కలిశాయో ఎవరైనా చూడవచ్చు. కాగితం మీద పదివేలు, గల్లీలలో ఇరవైవేలు. ఆ ఒక్క ఏఎన్‌ఎం టీకాలు వేయాలి, గర్భిణులను చూడాలి, బీపీ, షుగరు పరీక్షలు చేయాలి, ఇవన్నీ ఫోనులో ఎక్కించాలి, ఆపైన గోలేలలో టార్చి వేయాలి. మోరీలోకి దిగే సఫాయి కార్మికులకు గ్లౌజులు అందాయా లేదా అని ఇక్కడ ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ప్రజారోగ్యం అంటే ముందు వాళ్లు.

సిస్టరమ్మ | బుధవారం ఉదయం

వార్డు మాట గారు చెప్పినది నా మనసులోని మాటే, సర్వీసులో ఉండగా అనలేకపోయాను. కాని సిబ్బంది పెరిగేదాకా గోలేలలోని దోమలు ఆగవు కదా. రెండూ జరగాలి.

మూసీ ఒడ్డు గారూ, మీ గీత చూస్తే ఎడమ లైనులో చిల్లు ఉన్నట్టే ఉంది. మీ వార్డు ఆశ కార్యకర్త దగ్గర క్లోరిన్ పరీక్ష సీసా ఉంటుంది. నల్లా వచ్చిన పది నిమిషాల తర్వాత తీర్థమంత నీళ్లు గాజు గొట్టంలో పట్టి ఆ సీసాలోని మందు రెండు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నట్టయితే పసుపు రంగు రావాలి. మొదట మీ గల్లీ మొదటి ఇంట్లో చేయండి, తర్వాత ఆఖరి ఇంట్లో. రెండింటినీ పక్కపక్కన పెట్టి, వెనక తెల్ల కాగితం పట్టి చూడండి. అంతవరకు తాగేనీళ్లు మరిగించుకోండి, మోటారు తీసేయండి.

పాలమూరు పంతులు | బుధవారం సాయంత్రం

మర్రిగూడ మనవడు గారికి జవాబు బాకీ ఉన్నాను. "తర్వాతే" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. "తోపాటు" అని చదువుకోండి. పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పేవాడిని, నాకే తట్టి ఉండవలసింది. 1908 మూసీ వరద, 1911 ప్లేగు తర్వాత నిజాం సర్కారు దవాఖానలతో సరిపెట్టలేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు బస్తీలను విప్పింది, మోరీలు కట్టించింది, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్ కట్టించి నీళ్లు తెచ్చింది. మన పెద్దవాళ్లు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను ఇప్పటికీ "కోరంటి దవాఖాన" అంటారు, అది "క్వారంటైన్" అన్న మాటే మన నోళ్లలో నలిగి అట్లా అయింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు కూడా ఆ నగరాన్ని నిలబెట్టినది ఆ తర్వాత రెండేళ్లు పట్టుదలగా సాగిన చెత్త, మురుగు పనులే.

మా జిల్లా నుంచి ఒక్క మాట మాత్రం కలుపుతాను. పుణె, ముంబై పనులకు పోయి దగ్గుతో తిరిగివచ్చే మా పాలమూరు కూలీకి క్షయ మందు ఆరు నెలలు ఆగకుండా అందాలి. అతని పేరు క్షయ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైతే ఏ ఊరికి పోయినా అక్కడి కేంద్రంలో మందు కొనసాగించవచ్చు. ఈ సంగతి చాలామంది కూలీలకు తెలియదు, కొందరు మేస్త్రీలకు తెలిసినా చెప్పరు. పట్టణం ఆరోగ్యం ఆ పట్టణపు హద్దు లోపలే తేలదు.

వార్డు మాట | బుధవారం రాత్రి

పంతులు గారూ, మీరు చెప్పిన నిజాం కాలంలో నీళ్లు, మోరీ, బస్తీ మూడింటినీ సర్కారు కలిపి పట్టించుకున్నది. ఇప్పుడు నీళ్లు ఒకరివి, మోరీ ఒకరిది, జ్వరం లెక్క ఇంకొకరిది. ఒకే గల్లీ పటం మీద ముగ్గురినీ కూర్చోబెట్టేది ఎవరు? దీనికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

మూసీ ఒడ్డు | శనివారం రాత్రి

జరిగింది రాస్తున్నాను. గురువారం నల్లా వచ్చినప్పుడు ఆశ అక్క, నేను పరీక్ష చేశాం. మొదటి ఇంటి గొట్టంలో లేత నిమ్మపండు రంగు వచ్చింది. ఆఖరి ఇంటి గొట్టంలో రంగే రాలేదు, మామూలు నీళ్లు. రెండింటినీ ఫోటో తీసి, జబ్బు ఇళ్ల కాగితంతో కలిపి నీళ్ల విభాగానికీ ఆరోగ్య కేంద్రానికీ ఒకేసారి పంపాను. శుక్రవారం లైన్‌మన్ వచ్చాడు, మోరీ మీది బండలు లేపించాడు. ఎనిమిదో ఇంటి దగ్గర, కూలగొట్టి రెండేళ్లుగా ఖాళీగా ఉన్న స్థలానికి పోయే పాత కనెక్షన్ పైపు మోరీలో మునిగి ఉన్నది. దాని మూతికి ఎవరో గుడ్డపీలిక కుక్కి, ప్లాస్టిక్ సంచి చుట్టి, సుతిలి తాడుతో కట్టారు. గుడ్డ కుళ్లిపోయింది. దానిని కోసి ప్లగ్గు బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఈ ఉదయం ఆఖరి ఇంట్లో పసుపు వచ్చింది, గాని చాలా లేతగా. మొదటి ఇంటి రంగుతో పోలిస్తే సగం కూడా లేదు. ఇంకొక చిల్లు ఉండవచ్చునని లైన్‌మన్ అంటున్నాడు. నేను మోటారును నల్లా నుంచి తీసి సంపుకు మార్చాను, ఎదురింటి వాళ్లు మాత్రం "మీరు తీస్తే మాకు బాగా వస్తున్నాయి" అని తమది అట్లాగే ఉంచారు. సోమవారం తెల్లవారుజామున మళ్లీ పరీక్ష ఉంది. ఆశ అక్క సీసాను నా దగ్గరే ఉంచి వెళ్లింది.